రొంపిచెర్ల క్లైమాక్సు

ఆటో వెనక సీటుకు చివరి అంచు కుట్టు వేస్తూ మౌలాలీ గోడ గడియారం వంక మూడోసారి చూశాడు. పది నలభై. మార్నింగ్ షో పదకొండున్నరకి. అంతలో సూది కింద నీలం రెక్సిన్ వంకర పోయింది. పదిహేనేళ్ళుగా నరసరావుపేటలో సీట్లు కుడుతున్నాడు. వంకర కుట్టు పడటం ఇదే మొదటిసారి కాదు గానీ, విప్పకుండా వదిలేయడం మాత్రం ఇదే మొదలు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. వంగి కుట్టీ కుట్టీ మెడ ముందుకు వచ్చేసింది. కుడి బొటనవేలికి ఎప్పుడో సూది దిగి గోరు నల్లబడిపోయింది. సీటు కుట్టించుకున్న వాళ్ళకు సీటు గుర్తుంటుంది గానీ కుట్టిన మనిషి గుర్తుండడు. ఆ సంగతికి ఆయనెప్పుడూ బాధపడలేదు. ఆయనకు కోల్టన్ ఉన్నాడు.

కోల్టన్ అంటే గూఢచారి. తెలుగులోకి దించిన ఇంగ్లీషు సినిమాల హీరో. నాలుగైదేళ్ళకొకటి చొప్పున అయిదు వచ్చాయి, ఆగిపోయాయి. పదహారేళ్ళ తర్వాత ఆరోది, ఇదే ఆఖరిది అంటూ నిన్న శుక్రవారం విడుదలైంది. నిన్న జుమ్మా నమాజు ఉంది కాబట్టి మౌలాలీ శనివారం దాకా ఓర్చుకున్నాడు. ఈ వయసులో తుపాకుల సినిమా ఏందని భార్య ఆసియా పొద్దున్నే నవ్వింది. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

హాలు దగ్గర రెండు టికెట్లు తీసుకున్నాడు. రెండో మనిషి ఏడని గేటు దగ్గరి కుర్రాడు అడిగితే, రాలేడని చెప్పి తన టికెట్టొక్కటే చింపించుకున్నాడు. పక్క సీట్లో సంచి పెట్టాడు. సీటు ఫోము పైకి తేలి ఉంది. చీకట్లోనే వేలితో తడిమి, ఎన్ని కుట్లు పడతాయో లెక్కేసుకున్నాడు. అలవాటు చావదు.

సినిమా మొదలైన అయిదు నిమిషాలకు కోల్టన్, నెరిసిన జుట్టుతో, వానలో ఒక సమాధి ముందు నిలబడ్డాడు. రాయి మీద పాత స్నేహితుడు మార్కస్ పేరుంది. నువ్వు పోయి ముప్ఫై ఏళ్ళయిందిరా అన్నాడు కోల్టన్.

మౌలాలీకి అర్థం కాలేదు. ఇంకో మార్కస్ అయి ఉంటాడనుకున్నాడు. తర్వాత పాత ఫోటో చూపించారు. ఆ మార్కసే. పక్కనున్న వాణ్ణి అడుగుదామంటే పక్కన సంచి ఉంది. మార్కస్‌కు పెళ్ళయింది గదా. కూతురు గూడా పుట్టింది గదా. ఇదంతా ఏమైనట్టు?

ఆయన అయోమయం మనకు తెలియాలంటే రీళ్ళ కాలానికి పోవాలి. అప్పుడు పేటలో సినిమా ఆడుతుంటే అదే ప్రింటు రొంపిచెర్లలో కూడా ఆడేది. ఒకే ప్రింటు, రెండు హాళ్ళు. ఇక్కడ ఇంటర్వెల్ పడగానే మొదటి సగం రీళ్ళ పెట్టెను మోపెడ్‌కు కట్టుకుని మౌలాలీ రొంపిచెర్ల పరిగెత్తేవాడు. వెనక్కొచ్చి రెండో సగం పెట్టె ఎత్తుకుపోయేవాడు. అది దించగానే మొదటి పెట్టెతో మళ్ళీ పేటకు, రెండో ఆటకు. సినిమాలన్నీ ఆయన చేతుల మీదుగా పోయాయి గానీ, ఒక్కదాని రెండో సగం కూడా కళ్ళబడలేదు. తద్దినం వంటవాడు ఏకాదశి ఉపవాసం ఉన్నట్టు.

మిగతా కథ చెప్పింది రొంపిచెర్ల ఆపరేటర్ సాల్మన్ రాజు. మర్నాడు సాయంత్రం పెట్టె దించేటప్పుడు టీ తాగుతూ, చేతులు తిప్పుతూ, బాంబుల చప్పుడుతో సహా చెప్పేవాడు. తర్వాత అవే సినిమాలు టీవీలో వచ్చినా మౌలాలీ చూడలేదు. చూసిన సినిమా మళ్ళీ ఎందుకని, ఆసియాకు సీరియల్ వదిలేసేవాడు. తను చూసినట్టే లెక్క, అంత నమ్మకం.

రెండో సినిమాలో, ఇంటర్వెల్ ముందర, కోల్టన్ స్నేహితుడు మార్కస్ డ్యాం గేట్లు ఎత్తిన నీళ్ళలో కొట్టుకుపోయాడు. అప్పటికి మౌలాలీ అన్న మస్తాన్ సాగర్ కాలవలో పోయి ఇరవై రోజులు. శవం మూడో రోజుకు గానీ దొరకలేదు. ఆ సాయంత్రం పెట్టె కూడా దించకుండా, మార్కస్ బతికాడా అని అడిగాడు మౌలాలీ. సాల్మన్ రాజు ఆయన మొహం వంక కాసేపు చూసి, బతికాడ్రా, ఈదుకుంటా పోయి అవతలి గట్టెక్కాడు అన్నాడు. ఆ రాత్రి మౌలాలీ ఇరవై రోజుల తర్వాత నిద్రపోయాడు.

సాల్మన్ రాజు చెప్పిన మూడో సినిమా చివర్లో మార్కస్ ఫోన్ చేశాడు. పెళ్ళి చేసుకున్నానన్నాడు. నాలుగో దాంట్లో కూతురు పుట్టింది. అయిదో దాంట్లో తోట కొన్నాడు. మొదటి సగంలో మార్కస్ ఎందుకు కనపడడని మౌలాలీకి ఎన్నడూ అనుమానం రాలేదు. మంచివాళ్ళు కథలో ఆలస్యంగానే వస్తారనుకున్నాడు.

ఇవాళ ఇంటర్వెల్ తర్వాత కూడా కుర్చీలోనే ఉన్నాడు. జీవితంలో మొదటిసారి కోల్టన్ రెండో సగం చూస్తున్నాడు. చివరికి కోల్టన్ వంతెన మీద ఒంటరిగా నిలబడి, తనతో సహా దాన్ని పేల్చేసుకున్నాడు. హాల్లో ఎవరో ముక్కు చీదారు. మౌలాలీకి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఎవరి కోసం ఏడవాలో తేలక, లైట్లు వేశాక కూడా తెర వంకే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు అన్న గుర్తొచ్చాడు. గట్టెక్కాడన్న మార్కస్ ఎక్కనట్టయితే ఇన్నేళ్ళు తను దేన్ని పట్టుకుని ఉన్నట్టు? అది తేలాలి. తేల్చగలిగిన మనిషి ఒక్కడే.

షాపుకు పోకుండా రొంపిచెర్ల బస్సెక్కాడు.

సాల్మన్ రాజు నాలుగు నెలలుగా మంచం మీదే ఉన్నాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. ప్రొజెక్టర్ కార్బన్ కడ్డీల పొగ అంటాడు గానీ చుట్టల సంగతి ఎత్తడు. కూతురు నిస్సీ చూసుకుంటోంది. బాబాయ్ వచ్చాడు నాన్నా అని లేపి, వీపు వెనక దిండు పెట్టి వెళ్ళింది. మనిషి దుప్పటి మడతలో కలిసిపోయినట్టున్నాడు. కళ్ళు మాత్రం పాతవే.

మౌలాలీ జేబులోంచి చింపని టికెట్ తీసి ఆయన చేతిలో పెట్టాడు. దార్లో కూడబలుక్కున్న మాటలన్నీ పోయి, ఒక్కటే మిగిలింది.

"మార్కస్ చచ్చిపోయాడంటగా అన్నా."

"ఎవురన్నారు?"

"సినిమాలోనే. సమాధి చూపించారు."

సాల్మన్ రాజు టికెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఊపిరి అందుకోడానికి చాలాసేపు పట్టింది.

"సమాధి చూపించారు. మనిషిని చూపించారా?"

మౌలాలీ ఆలోచించాడు. చూపించలేదు. నిజమే. కానీ అది జవాబు కాదని కూడా తెలుస్తూనే ఉంది. మరి ఫోన్ చేయడం, పెళ్ళి, తోట, ఇవన్నీ ఉన్నాయా లేవా అని అడగబోయాడు. నోరు తెరిచాడు.

"అది సరే," అన్నాడు సాల్మన్ రాజు. "కోల్టన్ సంగతేంది? బతికాడా?"

చిన్నపిల్లాడిలా అడిగాడు. మౌలాలీ ఆయన మొహం వంక కాసేపు చూశాడు.

"బతికాడన్నా. చానా పెద్ద పేలుడు. అందరూ పోయాడనే అనుకున్నారు. కింద నీళ్ళలో ఎవురో పడవేసుకొచ్చి ఎక్కించుకున్నారు."

"ఎవురు?"

"మార్కసే."

సాల్మన్ రాజు పెదవులు కదిలాయి. నవ్వో, ఆయాసమో. "నేననుకున్నా," అని టికెట్‌ను పక్కన స్టూలు మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

నిస్సీ గంజి కాస్తుంటే మౌలాలీ టీకని బయటకొచ్చాడు. పాత హాలు ఇప్పుడు మిరపకాయల గోడౌను. తలుపు దగ్గర నిలబడితే ఘాటుకు తుమ్ములొచ్చాయి. ప్రొజెక్టర్ గది కిటికీకి ఇటుకలు పెట్టేశారు. తనకు తెలియకుండానే అబద్ధం చెప్పేశాడు. చెప్పాక గానీ తెలియలేదు, ఎంత తేలిగ్గా వస్తుందో. అయితే అప్పుడు రాజన్న కూడా ఇలాగే చెప్పాడా, లేక నిజంగా ఏ రీల్లోనైనా చూశాడా? రేపు నింపాదిగా అడగాలనుకున్నాడు. గ్లాసులో టీ చల్లారిపోయింది.

తిరిగొచ్చేసరికి నిస్సీ గంజి గిన్నెతో గడపలోనే నిలబడి ఉంది.

"నాన్న పలకట్లేదు బాబాయ్."

మౌలాలీ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. నల్ల గోరు వేలికి వెచ్చదనం ఏమీ తగల్లేదు. ఇరుగుపొరుగు వచ్చారు. డాక్టరు వచ్చి తల అడ్డంగా ఊపి వెళ్ళాడు. నిస్సీ గట్టిగా ఏడ్చింది. మౌలాలీకి కూడా ఇప్పుడు ఏడుపొచ్చింది. అది రాజన్న కోసమో, మస్తాన్ అన్న కోసమో ఆయనకే తెలియలేదు. ఇక అడగడానికి ఎవరూ లేరు.

మనిషిని కిందికి దించి, మంచాన్ని గోడకు నిలబెట్టారు. పక్కన స్టూలు మీద, మాత్రల అట్టల కింద టికెట్ అలాగే ఉంది. గేటు దగ్గర ఇవ్వాల్సిన సగమూ, లోపలికి తీసుకుపోవాల్సిన సగమూ ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.