తరగతి తప్పిన గోధుమ

తాము పండించే గోధుమకు తరగతి తగ్గిస్తున్నారని ఇరీన్ హలుష్కా మొదట విన్నది మార్చి నెలలో, ఊరి హాల్లో జరిగిన మీటింగులో. ఆమె, తమ్ముడు మార్విన్ కలిసి కెనడాలోని సస్కాచెవాన్‌లో తాతలనాటి పొలం చేసుకుంటున్నారు. ఏళ్ల తరబడి వేస్తున్నది రెడ్‌విల్లో అనే రకం. గాలికి పడిపోదు, తెగులు అంటదు.

"విదేశాల మిల్లులవాళ్లకు దీని పిండి బలం చాలడం లేదట. ఆగస్టు ఒకటి నుంచి దీన్ని మేలు తరగతిలోంచి తీసి కింది తరగతిలో వేస్తున్నాం, ధర కూడా తగ్గుతుంది," అన్నాడు రాజధాని నుంచి వచ్చిన అధికారి.

"ఈ రకం వెయ్యండి, బంగారం అని చెప్పింది మీరే కదండీ?" అంది ఇరీన్.

"రైతుల అభిప్రాయాలు తీసుకున్నాకే నిర్ణయించామమ్మా."

"నా అభిప్రాయం ఎప్పుడు తీసుకున్నారో! నిద్రలో గానీ చెప్పానేమో," అన్నాడు మార్విన్.

హాలంతా గొల్లున నవ్వింది. అధికారి కూడా నవ్వి, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

వేరే విత్తనం కోసం అక్కాతమ్ముళ్లు తిరగని చోటు లేదు. అందరూ ఒక్కసారే ఎగబడ్డారేమో, ఎక్కడా గింజ మిగల్లేదు. మే నెల దాటితే అదను తప్పుతుంది. గత్యంతరం లేక ఇంట్లో ఉన్న రెడ్‌విల్లో విత్తనమే చల్లారు.

నిరుటి పంట కూడా ఇంకా ఇనుప గాదెల్లోనే ఉంది. పట్టాల పక్కనున్న ధాన్యం గోదాముకు రైలు పెట్టెలు రాక ఆగిపోయింది. గోదాము మేనేజరు గార్త్ చిన్నప్పుడు మార్విన్‌తో హాకీ ఆడినవాడే. జూన్‌లో తెమ్మన్నాడు. జూన్ వచ్చాక జూలై అన్నాడు. పాత తరగతికి ఆఖరి రోజైన జూలై ముప్పై ఒకటిన ఇక ఫోను చెయ్యకుండానే లారీ నింపుకుని వెళ్లి వరసలో నిలబడ్డారు.

మధ్యాహ్నానికి గార్త్ టోపీ చేత్తో పట్టుకుని వాళ్ల దగ్గరికి నడిచొచ్చాడు.

"అక్కా, లోపల చెంచాడు గింజలకు కూడా చోటు లేదు. రేపు పొద్దుటికి రైలొస్తుందంటున్నారు."

"రేపటికిది వేరే గోధుమ అయిపోతుంది కదరా!"

"తెలుసక్కా."

"బండి ఇక్కడే వదిలేస్తాం. ఇవాళ్టి తారీఖు వేసుకో."

"దించిన రోజే తారీఖు. కంప్యూటరు నా మాట వినదు."

"నీ మాట వినేదేదైనా ఉందట్రా ఇక్కడ?" అన్నాడు మార్విన్. గార్త్ మిగతా లారీలవాళ్లకు కూడా చెప్పాలని వెళ్లిపోయాడు.

రైలు నిజంగానే వచ్చింది, మర్నాడు. ఇరీన్ లారీ ఎక్కి పిడికెడు గింజలు తీసి నోట్లో వేసుకుని నమిలింది. తాత నేర్పిన పరీక్ష అది. పిండి కరిగిపోయాక బంకలాగా సాగేది మిగిలితే మంచి గోధుమ అన్నట్టు. ఆ బంకను వేళ్లతో సాగదీసి గార్త్‌కు చూపించింది.

"చూడు, ఎలా సాగుతోందో. రాత్రికి రాత్రి దీనికేం రోగమొచ్చింది?"

గార్త్ కూడా నాలుగు గింజలు నమిలాడు. "బాగుందక్కా. నేనైతే ఈ పిండితో రొట్టె చేసుకుంటా. కానీ ఇక్కడ రకం పేరే లెక్క. ఈ కాగితం మీద సంతకం పెట్టు."

"పెట్టకపోతే?"

"పశువుల దాణాకింద రాసుకోవాలి."

తమది కింది తరగతి గోధుమేనని ఒప్పుకుంటూ ఇరీన్ సంతకం చేసింది. మార్విన్ లారీ తొట్టె ఎత్తాడు. ఎర్రటి గింజలు జలజలా గోదాము గోతిలోకి జారిపోయాయి.

ఆ ఏడు వడగళ్లు పడలేదు. మంచు ముందుగా రాలేదు. సెప్టెంబరులో కోత మిషన్ దిగేసరికి వెన్నులు బరువుకు వంగిపోయి ఉన్నాయి. దారిన పోయేవాళ్లు బళ్లు ఆపి మరీ "ఏం పంటమ్మా, ఇరీన్!" అని మెచ్చుకున్నారు. ఆమె చెయ్యి ఊపింది.

"గాదెలు చాలవక్కా, ఎక్కడ పొయ్యమంటావ్?" అని మిషన్ మీంచి అరిచాడు మార్విన్.

ఆమె కొట్టం వెనకనున్న ఖాళీ నేల చూపించి, టార్పాలిన్ తేవడానికి ఇంటివైపు నడిచింది.