పూలగట్టు దారి

గునపం మొన రాయి కింద దూర్చి, ఒంటి బరువంతా వేసి ఎత్తాడతను. రాయి కదిలినట్టే కదిలి మళ్ళీ తన గుంటలో కూలబడింది.

"సరే, నీ ఇష్టం. నాకూ తొందరేం లేదు," అన్నాడు దానితో.

నిజానికి తొందరే. కొండ వీపు వెంట సాగే కాలిబాట ఒకచోట వానలకి జారిపోయింది. అది దాటితే పూలగట్టు. ఆ బాట మరమ్మతు అతని ఉద్యోగం. పొదలు నరకడం, నీటిని పక్కకి మళ్ళించడం, మెట్టు కుంగితే రాయి పేర్చడం. పొట్టి మనిషే గానీ భుజాలు తలుపంత. ఏనాడో రాయి కింద నలిగిన బొటనవేలి గోరు నల్లగా అలాగే ఉండిపోయింది. కొండెక్కేవాళ్ళు 'బాటాయన' అనేవారు. అసలు పేరుతో పిలిస్తే ఒక్కోసారి పలికేవాడు కాదు.

ఇవాళ అతని భార్య వస్తోంది.

పెళ్ళయిన కొత్తల్నుంచీ ఆమెది ఒకటే దెప్పు. "లోకానికంతా పూలు చూపిస్తావు. ఇంటికి ఒక్కటి తెచ్చిన పాపాన పోలేదు."

"తెంపితే వాడిపోతాయే. నువ్వే రా."

కుట్టుమిషను పని, పిల్లలు, మంచాన పడ్డ అత్తగారు, ఆ తర్వాత మోకాళ్ళు. ఏదో ఒకటి అడ్డం పడుతూనే వచ్చింది. నిన్న కూర తరుగుతూ, తలెత్తకుండానే, "తమ్ముణ్ణి రమ్మన్నాను. రేపు ఎక్కుతా," అంది. బాట జారిన సంగతి అతను చెప్పలేదు. చెబితే ఇంకో ఏడాదికి వాయిదా.

మళ్ళీ గునపం వేశాడు. ఈసారి రాయి లేచింది. దొర్లించుకుంటూ తెచ్చి గండిలో కూర్చోబెట్టి, సందుల్లో చిన్నరాళ్ళు దిగ్గొట్టి, పైకెక్కి గట్టిగా తొక్కి చూశాడు. ఎడమ భుజం కలుక్కుమంది. గునపం చేసిన పనే అనుకున్నాడు.

కింది మలుపులోంచి బావమరిది గొంతు వినిపించింది. "మలుపు మలుపుకీ కూర్చుని నిన్ను తిడుతోంది బావా."

"తిట్టనీరా. తిడుతోందంటే ఓపిక ఉన్నట్టే."

ఆమె ఆయాసపడుతూ వచ్చి రాయిని చూసింది. "ఇదేమిటి, కొత్తగా ఉంది?"

"పాతదే. కడిగాను."

మట్టి కొట్టుకుపోయిన అతని చేతుల వంక చూసింది ఆమె. చెయ్యి అందించింది. అతను లోయవైపు నిలబడి, వెనక్కి అడుగులేస్తూ దాటించాడు.

గట్టు మీద గోరంత పూలు. నీలం, పసుపు, తెలుపు, అడుగు పెట్టడానికి చోటు లేకుండా. గాలి వీస్తే అన్నీ ఒక పక్కకి వాలి లేస్తున్నాయి. ఆమె కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అంచునే ఆగిపోయింది.

"ఇన్నేళ్ళూ నువ్వు పనికి పోతున్నావనుకున్నానయ్యా," అంది చివరికి.

అతను కూలబడేదాకా నవ్వాడు. నవ్వు ఆపుకుంటూ ఒక కాలి బూటు విప్పాడు, లోపల ఇసుక గుచ్చుకుంటోందని. ఆమె పక్కనే చేరింది. ఆ పూల నీలం రంగులో గుడ్డ తను ఏ కొట్లోనూ చూడలేదంది.

"ఆ తెల్లవాటి పేరేంటి?"

"తెలీదే. నాకు బాట సంగతే తెలుసు."

అతని తల ఆమె భుజం మీదికి వాలింది. పసుపువాటి పేరు అడిగితే పలకలేదు. నిద్రపట్టిందనుకుని గొంతు తగ్గించింది. చప్పుడు చెయ్యొద్దని తమ్ముడికి సైగ చేసింది. ఒక తేనెటీగ అతని చేతి మీద వాలి, వేళ్ళ మీదుగా తీరిగ్గా నడిచి ఎగిరిపోయింది. చెయ్యి కదల్లేదు.

తమ్ముడు దగ్గరికొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

"అక్కా," అన్నాడు.

ఆమె భుజం కదపలేదు. "తెలుసురా. కాసేపు ఉండనీ," అంది.

మధ్యాహ్నం తమ్ముడు పిలుచుకొచ్చిన మనుషులు అతన్ని మోసుకుంటూ దిగారు. అందరి బరువూ ఒక్కసారిగా మోసినా కొత్త రాయి కుంగలేదు.

విప్పిన ఆ ఒక్క బూటు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. లేసు వదులు చేసి, ఇసుక సగమే దులిపి వదిలేసిన బూటు, నీలంపూల మధ్య పక్కకి ఒరిగి ఉంది.