గడప బయట సఫ్ఫా

మా ఆయన బాబికిర్‌ని చూడ్డానికి వచ్చే మగాళ్లంతా ముందు గడప బయట ఆగుతారు. కింది పెదవి వెనక వేలు పెట్టి, అక్కడున్న తుంబాక్ ఉండను, అదే తడి పొగాకుని, తీసి గోడవార పారేసి, నోరు పుక్కిలించి, అప్పుడు లోపలికొస్తారు. మా అత్బరా ఊళ్లో ఆ ఉండను సఫ్ఫా అంటాం. అది నోట్లో ఉంచుకుని రోగి ముందు కూర్చోవడం మర్యాద కాదు. మర్యాదలో మావాళ్ల తరవాతే ఎవరైనా. మర్నాడు ఆ గోడవార ఊడ్చుకునేది మాత్రం నేను.

బాబికిర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రెండు చేతులూ ఇనుములో ఉన్నవాడికి సిగరెట్టు కుదరదు. సఫ్ఫా అయితే పెదవి వెనక దానిపాటికది పడి ఉంటుంది. పెళ్లికి ముందునుంచీ ఆయనకదే అలవాటు.

కిందటేడు ఒకరోజు చిక్కుడుగింజల ఫూల్‌లో కారం తగలగానే ఆయన మొహం ముడుచుకున్నాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. పెదవి కొరుక్కున్నా."

"ఏదీ, చూపించు."

"నేనేమన్నా సంతలో గాడిదనా, నోరు తెరిచి పళ్లు చూపించడానికి?"

ఆ వారమే ఆడపిల్లల బడికి ఒక డాక్టరమ్మ వచ్చి మా వీధి ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. నోట్లో పుండు రెండు వారాల్లో మానకపోతే, తెల్లమచ్చ గానీ ఎర్రమచ్చ గానీ కనిపిస్తే, గడ్డలాగా చేతికి తగిలితే వెంటనే చూపించాలంది. తుంబాక్ మానేయడమే అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త అంది. నొప్పి లేదని ధీమాగా ఉండొద్దు, మొదట్లో అది నొప్పి పెట్టదు అని మరీ మరీ చెప్పింది. నేను ఇంటికి పరుగెత్తుకొచ్చాను.

ఆయన పడీపడీ నవ్వాడు. "సఫ్ఫా పెట్టుకుంటే ఆ కాస్త మంటా పోతోందే. మందు నా జేబులోనే ఉంటే ఇంక డాక్టరెందుకు?"

మావాళ్లంతా చేసే పనే అది. పన్ను సలిపినా, చిగురు వాచినా దానిమీద తుంబాకే అద్దుతారు. చోటు మొద్దుబారిపోతుంది, తగ్గిందనుకుంటారు. ఈయనా పుండుమీద అదే పెట్టాడు. బతిమాలాను, తిట్టాను, డబ్బా తీసుకెళ్లి పిండిగోలెంలో దాచాను. రంజాన్ వచ్చింది. పగలంతా సఫ్ఫా లేకపోయేసరికి పుండు కాస్త చల్లబడింది. "చూశావా ఇహ్సాన్, దానంతటదే మానిపోతోంది" అన్నాడు గొప్పగా. పండగ వెళ్లాక దవడకింద గడ్డ లేచింది.

ఖార్తూమ్‌లో క్యాన్సరని కింది దవడ తీసేశారు. అయినా జబ్బు మళ్లీ మెడలోకి దిగింది. "ఇంటికి తీసుకెళ్లమ్మా, ఇష్టమైనవి పెట్టు" అన్నాడు పెద్ద డాక్టరు. ఏం పెట్టను? నోరేదీ? పల్చటి గంజి, పాలు గొట్టంలో పోస్తాను. కారిపోయే చొంగ తువ్వాలుతో ఒత్తుతాను. నావల్ల అయ్యేది అంతే.

నిన్న సాయంత్రం నమాజయ్యాక మా మరిది తిజానీ వచ్చాడు. గడప బయట సఫ్ఫా తీసి పారేశాడు. అన్న నులకమంచం పక్కన కూర్చుని కాళ్లు పిసుకుతూ ఏడ్చాడు. టీ ఇచ్చాను. పొగలు కక్కే టీని ఒక్క గుక్కలో తాగేసే మనిషి, ఊదుకుంటూ, చల్లార్చుకుంటూ, ఒక పక్కనించే తాగుతున్నాడు. వెళ్లి వాడి ఎదురుగా నిలబడ్డాను.

"నోరు తెరువు."

"ఏంటి వదినా, నేనేమన్నా సంతలో గాడిదనా?"

మంచంమీద బాబికిర్ గొంతులోంచి ఏదో శబ్దం చేశాడు. మాట రాదు కదా, చేత్తో మంచం కోడుని దబదబా కొట్టాడు. తిజానీ బిత్తరపోయి నోరు తెరిచాడు. ఫోను లైటు వేసి పెదవి కిందికి లాగాను. సఫ్ఫా పెట్టే చోట తెల్లగా, ముడతలు పడి, మధ్యలో చిన్న పుండు.

"ఎన్నాళ్లయిందిరా ఇది?"

"ఏమో వదినా. నొప్పేం లేదు."

బాబికిర్ గోడవైపు తిరిగిపోయాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"రేపు పొద్దున్నే ఆస్పత్రికి పద. నేనూ వస్తా."

"రేపెలా కుదుర్తుంది వదినా? పండగ వెళ్లనీ. నీమీదొట్టు, తప్పకుండా వెళ్దాం."

"మీ అన్నా పండగ దాటనిచ్చాడు."

"అన్నది వేరు. ఆయనకి గడ్డ లేచింది. నాకేం లేదుగా?"

లేచి అన్న నుదురు ముద్దుపెట్టుకుని బయటికి నడిచాడు. వెనకే వెళ్లాను. గడప దాటాడో లేదో చెయ్యి జేబులోకి పోయింది, డబ్బా మూత తెరిచాడు. మీదపడి లాక్కున్నాను. పెనుగులాడతాడనుకున్నా. "సరే తీసుకో వదినా, నీ మాట కాదంటానా" అని నవ్వుతూ వదిలేశాడు.

వాడు వీధి చివరిదాకా వెళ్లడం డబ్బా పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. అక్కడ తుంబాక్ కొట్టు ఇంకా తెరిచే ఉంది.