చల్లని బురద

పిట్టలవానిపాలెంలో నాట్లు వేయకముందే ఆ అనుభవం పిల్లల నోటు పుస్తకాల్లోకి ఎక్కింది. పొలం చూడ్డానికి తెనాలి నుంచి బయలుదేరే ముందురోజు సైన్సు మాస్టారు బసవేశ్వరరావే బోర్డు మీద రాశాడు: "బురద చల్లగా, మెత్తగా ఉంది. రైతన్న కష్టం తెలిసింది." నలభై మందీ ఎక్కించుకున్నారు. సోమవారం ఇన్‌స్పెక్షన్ అని హెడ్మాస్టరు నాగేశ్వరయ్య తొందర.

శనివారం మిట్టమధ్యాహ్నం బస్సు దిగారు. నాట్లు వేస్తున్న ఆడవాళ్లను హెడ్మాస్టరు గట్టు మీదికి పంపి, పదిమంది పిల్లల్ని పొలంలోకి దింపి ఫొటో తీయించాడు. వాళ్లు తొక్కేసిన నారు నీళ్ల మీద తేలింది. ఆ వెంటనే అందరూ పులిహోర పొట్లాలకు పరుగెత్తారు, సరోజ తప్ప.

"ఏంటమ్మా, నువ్వు పోలా?" అంది కూలి రాజమ్మ.

"నాకు నేర్పవా, పిన్నీ?"

"ఫొటో అయిపోయిందిగా, ఇంకెవరు చూడాలని? సరే, వంగు. ఇంకా వంగాల. నీ నడుమేమన్నా తాటి దూలమా?"

సరోజ ఒక వరస పూర్తిగా నాటింది. గట్టెక్కితే పిక్కకు జలగ. రాజమ్మ బొడ్లోంచి సున్నపుకాయ తీసి, కాస్త సున్నం రాస్తే జలగ రాలిపడింది. రక్తం కారుతున్నా ఆ పిల్ల ముఖంలో గర్వం. బసవేశ్వరరావుకు అసూయ కలిగింది. తన చెప్పులకు బురద చుక్కయినా అంటలేదు.

సోమవారం ఉదయం సరోజ పుస్తకంలో 'చల్లగా' కొట్టేసి ఉంది. కింద రాసింది: "బురద ఉడికిపోతోంది. కంపు కొట్టింది. మేం తొక్కింది రాజమ్మ పిన్ని మళ్లీ నాటింది."

"చించేసి మళ్లీ రాయించండి మాస్టారూ," అన్నాడు నాగేశ్వరయ్య.

"ఆ పిల్ల రాసింది నిజమేనండి."

"కాదని నేనన్నానా? చించమన్నానంతే."

చించనని చెప్పాలనుకున్నాడు. ఈలోగా చేతులు పని కానిచ్చేశాయి. కుట్టుకు అవతలున్న జంట కాగితం ఊడిరాకుండా బొటనవేలితో నొక్కిపట్టి మరీ నీటుగా చించాడు. పిరికితనం కన్నా ఆ జాగ్రత్తే అతనికి ఎక్కువ రోత పుట్టించింది.

సరోజ పెన్ను మూత తీసింది. "బురద ఎట్టా ఉందని రాయాలి సార్?"

"చల్లగా."

రాసింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క తప్పు లేదు. ఎర్రసిరాతో పదికి పది వేశాడు. పుస్తకం తీసుకునేటప్పుడు ఆ పిల్ల, ఆయన వేళ్లు తగలకుండా, అట్ట అంచు పట్టుకుని లాక్కుంది.