జిగురు పండిన పీపా

నేను ఒక స్టీలు పీపాను. మనిషి కంటే కాస్త పొడవు. నాలో సూక్ష్మజీవులను పెంచి, వాటిచేత తమకు కావలసిన సరుకు తయారు చేయించుకుంటారు మనుషులు. బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో పుట్టాను. గీత ఉంటే క్రిమి దాక్కుంటుందని నా లోపలి గోడను అద్దంలా నునుపు చేశారు. అంత మడి కట్టించి, ఊరి చివరి బయోటెక్ కేంద్రానికి తెచ్చిన రోజున నా నెత్తిన పసుపునీళ్ళు చల్లి కొబ్బరికాయ కొట్టారు!

గాజు ఫ్లాస్కులో సాధించినదాన్ని బజారుకు సరిపడేంత చేయాలనుకునే కొత్త కంపెనీలకు ఆ కేంద్రమే ఆసరా. అక్కడి సలహాదారు రంగాచారిగారు అందరికీ ఒకే మాట చెప్పేవారు: "నలుగురికి వండిన చేత్తో ఊరందరికీ వండబోతే అన్నం మాడుతుంది."

కుముద, ఇలియాస్ అలా వచ్చినవాళ్ళే. కాలేజీ స్నేహితులు. ప్లైవుడ్ పలకలు అతికించడానికి సూక్ష్మజీవులతో జిగురు చేశారు. ఇలియాస్ వాళ్ళన్న ఖాజా, ఒక ప్లైవుడ్ కార్ఖానాలో జిగురు పూసీ పూసీ, ఆ ఘాటు ఆవిరికి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. వీళ్ళ జిగురుకు ఘాటే లేదు.

నాలో మొదటిసారి పోసింది నురగై పొంగి నేలపాలైంది. రెండోసారిది కుళ్ళింది. కుముద నా పక్కనే చతికిలబడింది.

"గాలి అడుగుదాకా అందట్లేదమ్మా. కలియదిప్పే రెక్కలు మార్పిద్దాం. ఈలోగా చిన్న పీపాలో మళ్ళీ మొదలుపెట్టండి," అన్నారు రంగాచారిగారు.

"మళ్ళీ మొదటికా సార్? భాయ్ మంచం దిగట్లేదు," అన్నాడు ఇలియాస్.

అయినా మొదలుపెట్టారు. వానలు వెనకబట్టాక నాలో జిగురు పండింది, తేనెరంగులో, చిక్కగా. దాంతో అతికించిన పలకొకటి ఇలియాస్ ఇంటికి పట్టుకెళ్ళాడు. ఖాజా దాన్ని ముక్కుకు ఆనించుకుని, "నిజంగా జిగురే పూశావారా?" అన్నాడట. ఆ మాట చెబుతూ ఇలియాస్ నవ్వాడు, కుముదా నవ్వింది. వాళ్ళు నవ్వగా నేను చూసింది అదొక్కసారే.

ఖాజా పనిచేసిన కార్ఖానా యజమాని వచ్చి పలకను విరవబోయాడు. విరగలేదు. "బ్రహ్మాండంగా ఉందమ్మా. కానీ పాతదానికంటే ఖరీదెక్కువ. కొనేవాడు చెక్కను చూస్తాడు గానీ, పూసినవాడి ఊపిరి చూస్తాడా?" అన్నాడు. చెడ్డవాడేం కాదు. వెళ్ళేముందు ఖాజాకు ఎలా ఉందని కూడా అడిగాడు.

మిగతా యజమానులదీ అదే పాట. ఖర్చు తగ్గించే దారి రంగాచారిగారు వెతుకుతుండగానే ఖాజా పోయాడు.

కంపెనీ మూసేసి, సామాను తీసుకెళ్ళడానికి ఇద్దరూ వచ్చారు.

"భాభీ ఎలా ఉంది?" ఖాజా భార్య గురించి అడిగింది కుముద.

"కార్ఖానాలో చేరింది. యజమాని జాలిపడి భాయ్ పనే ఇచ్చాడు."

"జిగురు పూసే పనా?"

ఇలియాస్ తల ఊపాడు. ఇద్దరూ అట్టపెట్టె చెరో పక్కా పట్టుకుని బయటికి నడిచారు.

ఇప్పుడు నాలో ముఖం తెల్లబరిచే క్రీములోకి సరుకు పండుతోంది. గిరాకీకి నేను చాలడం లేదని, నాకంటే పెద్ద పీపా చేయిస్తున్నారు.