నాలుగు కాళ్లూ నేల మీదే

మా బుజ్జిగాడు నాకంటే బరువు. కుక్కపిల్లగా తెచ్చినప్పుడు మా అత్తయ్య ఒళ్లో ఇమిడిపోయేవాడు కాబట్టి ఆవిడ ఆ పేరు పెట్టింది. తర్వాత వాడు పెరుగుతూనే పోయాడు, పేరు మాత్రం పెరగలేదు. ఇప్పుడు వాడు సోఫా ఎక్కాడంటే మేం కుర్చీలు వెతుక్కోవాలి.

వాడికి అత్తయ్యంటే పిచ్చి ప్రేమ. ఆ ప్రేమే కొంప ముంచింది. కూరగాయల సంచీతో గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి భుజాల మీద రెండు ముందుకాళ్లూ వేసి మొహం నాకబోయాడు. ఆవిడ వెనక్కి పడింది, తుంటి ఎముక విరిగింది. బంగాళాదుంపలు మెట్ల మీదుగా వీధిలోకి దొర్లిపోయాయి. స్ట్రెచర్ ఎక్కిస్తుంటే కూడా "వాణ్ణి కొట్టకండర్రా" అనే అంది. నా తరఫున ఆవిడ అలా ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు.

ఆపరేషన్ అయ్యాక, ఆస్పత్రికి దగ్గరని, మా ఆడపడుచు ఆవిణ్ణి తన ఇంటికి తీసుకెళ్లింది. ఆ సాయంత్రమే మా ఆయన తీర్పు చెప్పేశాడు. ఆయన బస్సు డ్రైవరు. ఒకసారి బ్రేకు వేశాడంటే ఇక ఎవరు హారన్ కొట్టినా కదలడు.

"అమ్మ ఇంటికొచ్చే రోజుకి వీడు గోడౌనుకి పోవాలి. ఇంకోసారి పడితే మంచం దిగదని డాక్టరు చెప్పాడు, నువ్వూ విన్నావు."

ఊరి చివర సిమెంటు గోడౌనుంది. దాని యజమాని కాపలాకి పెద్ద కుక్క కోసం చూస్తున్నాడు. నేను వెళ్లి చూసొచ్చాను. గేటు పక్కన ఇనప గొలుసు, రేకు కప్పిన గూడు, లారీ వస్తే తప్ప మనిషి మొహం కనపడదు. సోఫా మీద మా తలగడల మధ్య పడుకునేవాడు అక్కడెలా బతుకుతాడు?

"మీదికి ఎగబడ్డం మానిపిస్తే ఉంచుతారా?" అని అడిగాను.

"మానిపిస్తే ఉంచుతా. ఎవరు మానిపిస్తారు?"

"నేనే."

ఆయన పగలబడి నవ్వాడు. అసలే నాకు ముక్కు మీద కోపం. ఆ నవ్వు నాకు బాగా పనికొచ్చింది.

నా సంగతీ చెప్పాలి. ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. జిప్పు వేయించుకోవడానికి వచ్చేవాళ్లు కూడా గుమ్మంలో ఒక క్షణం ఆగి, నా మొహం ఎలా ఉందో చూసుకుని లోపలికొస్తారు. మా అత్తయ్య సంగతి వేరు. ఆవిడ నేను కుట్టినదాన్ని తిరగేసి, లోపలి కుట్టు చూసి, "ఊఁ" అంటుంది. బాగుందనా, బాగాలేదనా? అడిగే ధైర్యం నాకు లేదు. నా కాపురమంతా ఆ "ఊఁ"తోనే నడిచింది.

పశువుల ఆస్పత్రిలో, కుక్కలకు నేర్పే ఒక ట్రైనరమ్మ నంబరిచ్చారు. తీరా చూస్తే సన్నగా, గాలొస్తే ఎగిరిపోయేలా ఉంది. నేను అప్పటికే "కూర్చో, కూర్చోరా, కూర్చోమంటే నీక్కాదూ" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని ఉన్నాను. బుజ్జిగాడు తలుపు సందులోంచి వీధిని చూస్తున్నాడు.

"ముందు మీరు మాట్లాడ్డం ఆపండి" అందామె. నా ఇంట్లో నన్ను అలా అన్న మొదటి మనిషి. "మీరసలు ఉన్నారన్న సంగతే వాడికి పట్టలేదు. ఇంక కూర్చోమంటే ఎందుకు కూర్చుంటాడు? ఊరికే నిలబడండి. వాడంతట వాడు మీ మొహం చూసిన క్షణాన ఒక మాట అనండి. 'అదీ' అనండి చాలు. అన్న వెంటనే ఒక చికెన్ ముక్క పెట్టండి."

నిలబడ్డాను. వాడు కాకిని చూశాడు, ఫ్యాన్‌ని చూశాడు, ట్రైనరమ్మ చెప్పులు చూశాడు. ఈవిడేంటి తిట్టడం లేదు అనుకున్నాడేమో, చివరికి తల తిప్పి నన్ను చూశాడు.

"అదీ" అన్నాను.

వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"తిట్టినట్టుందమ్మా" అంది ట్రైనరమ్మ, నవ్వు ఆపుకుంటూ. "సంతోషంగా అనాలి."

సంతోషంగా అనడం అంత తేలికనుకున్నారా? వంటింట్లో గిన్నెల ముందు నిలబడి సాధన చేశాను. మా ఆయన తలుపు దగ్గర చేరి, "ఎవరినే అంత ముద్దుగా పిలుస్తున్నావు? నన్నెప్పుడూ పిలవలేదే" అన్నాడు. గరిటె చూపించాను, పోయాడు. మిగిలిపోయిన జీన్స్ గుడ్డతో నడుముకు కట్టుకునే చిన్న సంచీ కుట్టుకున్నాను. అందులో ఎప్పుడూ ఉడికించిన చికెన్ ముక్కలే. నా బట్టలన్నిటికీ ఆ వాసన పట్టింది. వాడికి మాత్రం నేను ఒక్కసారిగా లోకంలోకెల్లా చూడదగ్గ మనిషినైపోయాను.

వాడు నన్ను చూడ్డం నేర్చుకున్నాక కూర్చోవడం నేర్చుకోవడానికి ఎంతోకాలం పట్టలేదు. మెళకువంతా ఆ "అదీ" ఎప్పుడు అనాలన్నదాంట్లోనే ఉంది. వెనక భాగం నేలకు తగిలిన క్షణానే అనాలి. కాలరు మూల దగ్గర సూది దించి మిషను ఆపినట్టే, ఒక్క కుట్టు దాటినా మూల చెడిపోతుంది. ఒకరోజు నాకు అలాగే దాటిపోయింది. పాలవాడొస్తే బుజ్జిగాడు చక్కగా కూర్చున్నాడు. నేను నోరు తెరిచేలోపు లేచి ఆ అబ్బాయి ఛాతీ మీదికి ఎగిరాడు. సరిగ్గా అప్పుడు నా నోట్లోంచి "అదీ" ఊడిపడింది.

ట్రైనరమ్మ అక్కడే ఉంది. "అన్నారుగా, పెట్టండి."

"పాలవాణ్ణి పడేసినందుకు చికెనా?"

"పొరపాటు మీది, వాడిది కాదు. ఆ మాట అన్నాక పెట్టి తీరాలి. ఒక్కసారి ఎగ్గొట్టారంటే ఇక ఆ మాటని వాడు నమ్మడు."

పెట్టాను. గోడ పట్టుకుని లేస్తున్న పాలవాడు తనకేమన్నా పెడతానేమోనని చూశాడు.

ఈ ముచ్చట్లన్నీ మా ఆయన రోజూ ఫోన్లో వాళ్లమ్మకి చెప్పేవాడు. అవతలినుంచి "ఊఁ" అని వినపడేది.

ఆవిడ వచ్చే ముందురోజు మిషను తొక్కుతూ ఉంటే నాకొక సంగతి తట్టింది. బుజ్జిగాడు అందరి ముందూ కూర్చుంటున్నాడు సరే, అత్తయ్య అందరిలాంటిదా? పైగా వాకర్ పట్టుకుని టకటకమంటూ వస్తుంది. వాడు ఆ చప్పుడే ఎరగడు. మెడికల్ షాపు నుంచి వాకర్ అద్దెకు తెప్పించి, మా ఆయనకు అత్తయ్య నైటీ తొడిగి, ఆవిడ శాలువా కప్పాను.

"ఇదేం ఖర్మే" అన్నాడాయన.

"మెల్లగా నడవండి. మీ అమ్మగారు బస్సు నడిపినట్టు నడవరు."

ఆయన మూలుగుతూ గుమ్మం దాటాడు. శాలువా వాసన తగలగానే బుజ్జిగాడి వెనక భాగమంతా ఊగిపోయింది. ముందుకాళ్లు నేల విడవబోయి ఆగాయి. తల తిప్పి నా మొహం చూశాడు. "అదీ" అన్నాను. అప్పుడే ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికొచ్చిన ఒకావిడ గుమ్మంలో నిలబడిపోయింది. మా ఆయన శాలువా మొహం మీదికి లాక్కున్నాడు. ఆవిడ వెళ్లాక నైటీ విప్పేస్తాడనుకున్నాను, "ఇంకోసారి చేద్దాం, ఈసారి కొంచెం వేగంగా వస్తా" అన్నాడు. ఆయనకూ వాణ్ణి పంపడం ఇష్టం లేదని నాకప్పుడు తెలిసింది.

అయినా అన్న మాట అన్న మాటే. మర్నాడు అత్తయ్య కారు మా ఇంటి ముందు ఆగేసరికి, గోడౌను ఆయన ట్రాలీ కూడా వీధి మలుపులో ఆగి ఉంది. వాడు కుదురుగా ఉంటే సరి, లేదంటే ఆ ట్రాలీలో పోతాడు.

బుజ్జిగాడి మెడపట్టీ తాడును వదులుగా ఉంచి, కొస మాత్రం కాలి కింద తొక్కిపెట్టాను. వాకర్ చప్పుడు మెట్లెక్కుతూ వినపడింది. తలుపు తెరుచుకుంది. అత్తయ్య చిక్కిపోయింది. వాణ్ణి చూడగానే ఆవిడ చేతులు వాకర్ మీద బిగుసుకున్నాయి. ఆవిడకి వాడంటే భయం వేయడం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

వాడు ఒళ్లంతా వణికిపోతూ గొంతులోంచి సన్నగా కుయ్యిమన్నాడు. ముందుకు ఊగాడు. నేనేమీ అనలేదు. అనాలని నాలుక చివరి దాకా వచ్చినా మింగేశాను. వాడు ఆవిణ్ణి చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఆవిణ్ణి చూశాడు. తర్వాత ఆ భారీ శరీరాన్ని మెల్లగా దించి కూర్చున్నాడు.

"అదీ" అన్నాను.

ముక్క అందించాను, వాడు దాని వంకైనా చూడలేదు. వాడికి కావలసింది చికెన్ కాదు. మాట అన్నాక పెట్టి తీరాలి, పెట్టవలసింది నా సంచీలో లేదు.

"అత్తయ్యా, చెయ్యి అందించండి. ఏమీ చెయ్యడు. నేనున్నాను."

ఆవిడ వాణ్ణి చూడలేదు, నన్నే చూసింది. ఒక చెయ్యి వాకర్ మీంచి తీసి చాపింది. వాడు కూర్చున్నచోటే మెడ సాచి, తల ఆ అరచేతి కింద పెట్టి కళ్లు మూసుకున్నాడు. మా ఆడపడుచు ముక్కు చీదుకుంది.

కుర్చీలో కుదురుకున్నాక అత్తయ్య కిటికీలోంచి చూసి, "ఆ బండెవరిదిరా?" అని అడిగింది.

"ఎవరిదో అమ్మా, పొమ్మని చెప్పొస్తా" అని మా ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు.

ఆవిడ నన్ను దగ్గరికి పిలిచింది. ఇక "ఊఁ" అంటుందని వెళ్లి నిలబడ్డాను. కాసేపు నా మొహంలోకి చూసింది.

"అదీ" అంది.

కొంచెం తిట్టినట్టే ఉంది. ఆవిడకీ అలవాటు లేదు మరి. తర్వాత చేతిసంచీ అంతా వెతికి ఒక పిప్పరమెంటు బిళ్ల తీసి నా అరచేతిలో పెట్టింది. "అన్నాక పెట్టి తీరాలంట కదా అమ్మాయీ."

కళ్లు తుడుచుకుని బిళ్ల నోట్లో వేసుకున్నాను. బుజ్జిగాడు ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని, తన వంతు కోసం మా ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు.