బ్యాంక్ వీధి తగవు

రాడన్‌షా ఊళ్ళో ప్రాస్పెక్ట్ రోడ్డు మీద హోల్డెన్ దంపతుల ఇంటి ముందు ఆ ఏడాది వసంతమంతా జనం ఒక్క క్షణం ఆగి నవ్వుకుని వెళ్ళేవారు. ఎడమ కిటికీలో 'బ్యాంక్ వీధి నడిచేవాళ్ళది' అని పచ్చ కాగితం. కుడి కిటికీలో 'బ్యాంక్ వీధి తెరవండి' అని ఎర్ర కాగితం. పచ్చది బెర్నీ అంటించింది. ఎర్రది ఆమె మొగుడు ట్రెవర్ అంటించాడు. పెళ్ళయి నలభై ఒక్క ఏళ్ళయినా ఆవిడ ఎడ్డెమంటే ఆయన తెడ్డెమనడం మానలేదు. అయితే ఇన్నేళ్ళూ వాళ్ళ తగవులు వేయించిన చేప మీద వెనిగర్ ఎంత పోయాలన్న దగ్గరే తెమిలిపోయేవి. ఊరి రాజకీయం ఇంట్లోకి రావడం ఇదే మొదటిసారి.

బెర్నీ ముప్పై ఏళ్ళు బ్యాంక్ వీధి బళ్ళో పిల్లలకి మధ్యాహ్న భోజనం వడ్డించింది. ఆ వంటింటి కిటికీలోంచి ఆవిడ రోజూ చూసిన దృశ్యం ఒక్కటే. ఇటు బడి, అటు మార్కెట్టు, మధ్యలో ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు కార్లు. పసిపిల్లల బండి తోసుకుంటూ తల్లులు, చేతికర్రలతో ముసలివాళ్ళు, అందరూ ఆ పొగలో నిలబడి ఎవరో ఒకరు దయ తలచి ఆపకపోతారా అని ఎదురుచూసేవారు. ఉద్యోగం మానేశాక ఆవిడ లేబర్ పార్టీ తరఫున నిలబడి, కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, నూట పది ఓట్లతో కౌన్సిలర్ అయింది. అప్పటికే ఆ ప్రాంతపు బస్సులన్నీ ప్రైవేటు కంపెనీల చేతుల్లోంచి తిరిగి ప్రజల అజమాయిషీలోకి వచ్చాయి. పదిహేడో నంబరు బస్సు పది నిమిషాలకొకటి బయల్దేరుతోంది. బయల్దేరి ఏం లాభం, బ్యాంక్ వీధిలోకి రాగానే ఆ కార్ల మధ్య ఇరుక్కుని ఇరవై నిమిషాలు ఊరికే నిలబడేది. బెర్నీ ఏడాదిన్నర పోరాడి కౌన్సిల్‌ని ఒప్పించింది. ఆరు నెలలు ప్రయోగంగా ఆ వీధిలో బస్సులూ, సైకిళ్ళూ, నడిచేవాళ్ళూ మాత్రమే. రెండు కొసల్లోనూ పెద్ద చెక్క పూలతొట్లు అడ్డం పెట్టారు. ఆరు నెలలయ్యాక కమిటీ ఓటు వేసి, ఉంచాలో తియ్యాలో తేలుస్తుంది.

ట్రెవర్‌కి ఇది బొత్తిగా మింగుడుపడలేదు. ఆయన ముప్పై అయిదేళ్ళు మెకానిక్ షెడ్డు నడిపినవాడు. కారంటే ఆయనకి వాహనం కాదు, దగ్గరి చుట్టం. ఊరి పత్రికకి మూడు ఉత్తరాలు రాశాడు. మూడో దాంట్లో, తమ ఇంట్లోనే ఒక కౌన్సిలరమ్మ ఉందనీ, ఆవిడకి చెప్పి చెప్పి తన గొంతు ఆర్చుకుపోయిందనీ రాస్తే పత్రికవాళ్ళు పెద్ద అక్షరాలతో వేశారు. బెర్నీ పొద్దున్న టోస్టు తింటూ అది మొత్తం చదివి, కత్తెరతో నీటుగా కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. "అక్షరదోషాలు రెండున్నాయి, నాయనా," అని మాత్రం అంది.

నాలుగో నెలలో ఉత్తరాలు ఆగిపోయాయి. ఇంటి ముందు ఉండే నీలం కారు కూడా కనిపించలేదు. అడిగితే, గేర్‌బాక్సు పోయింది, పాత స్నేహితుడు స్టాన్ షెడ్డులో పెట్టానన్నాడు. రెండు వారాలయ్యాక మళ్ళీ అడిగితే భాగాలు దొరకడం లేదన్నాడు. కళ్ళు మూసుకుని గేర్‌బాక్సు విప్పి బిగించగల మనిషికి ఇన్నాళ్ళెందుకు పట్టిందో ఆవిడ ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించే తీరిక లేకపోయింది. కమిటీలో పదముగ్గురు. ఆరుగురు ఇటు, ఆరుగురు అటు, మధ్యలో ఫిలిపా థ్వెయిట్ అనే పెద్దావిడ. ఆవిడ ఎవరు చెప్పినా తలూపి వినేది, ఎటన్నది మాత్రం పైకి చెప్పేది కాదు. పార్టీ నాయకుడు డెస్మండ్ బెర్నీతో, ఆ థ్వెయిట్‌కి లెక్కలు చూపించి లాభం లేదు, బస్సు వల్ల బతుకు మారిన మనిషినెవరినైనా తెచ్చి నిలబెట్టు అన్నాడు.

అలాంటి మనిషి కోసం బెర్నీ ఒక బుధవారం నోటుపుస్తకం పట్టుకుని పదిహేడో నంబరు ఎక్కింది. ఆ రోజు ట్రెవర్ జలుబని ఇంట్లోనే ఉన్నాడు. బస్సు నడుపుతున్నది నస్రీన్. చిన్నప్పుడు బెర్నీ దగ్గర రెండోసారి పుడ్డింగు వేయించుకోకుండా కదలని పిల్ల. బస్సు స్టాపులో ఆగినప్పుడు నస్రీన్ వెనక్కి తిరిగి, "అంకుల్ ఇవాళ రాలేదేం ఆంటీ? ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

"ఏ అంకుల్?"

"మీ ట్రెవర్ అంకులే. సోమ, బుధ, శుక్ర, పది ఇరవైకి పోస్టాఫీసు దగ్గర ఎక్కుతారుగా." అంటూనే నస్రీన్ నాలుక కరుచుకుంది. "ఎవరితో అనొద్దన్నారు. ఎవరితోనూ అనలేదు కూడా. మీతో కూడా అనకూడదని నాకు తట్టలేదు."

ఆ పూట బెర్నీ నోటుపుస్తకంలో ఒక్క అక్షరం రాయలేదు. ఇంటికెళ్ళి కూడా ఏమీ అడగలేదు. తన మీద అన్ని ఉత్తరాలు రాసిన మొగుడు దొంగచాటుగా బస్సెక్కుతున్నాడంటే ఆవిడకి ముందు నవ్వొచ్చింది, తరువాత దెప్పడానికి మంచి మాట ఒకటి తయారైంది. శుక్రవారం ఆయన కన్నా ముందే బయల్దేరి ఒక స్టాపు వెనక్కి నడిచి బస్సెక్కింది. కిటికీ పక్కనుంచి జరిగి, నడవ వైపు సీట్లో కూర్చుంది. ఒంటి మీద ఆయనే కొనిచ్చిన ఎర్ర కోటు. పోస్టాఫీసు దగ్గర ట్రెవర్ ఎక్కాడు. నస్రీన్ పలకరింపుకి టోపీ తాకి, కమ్మీల మీద చెయ్యి ఆనించుకుంటూ, ఒక్కొక్క సీటూ తడుముతూ వచ్చాడు. గేర్‌బాక్సు దొరికిందా మహానుభావా అని అడగడానికి బెర్నీ సిద్ధంగా ఉంది.

ఆయన సరిగ్గా ఆవిడ పక్కన ఆగి, కొంచెం వంగి, ముక్కూ మొహం తెలియని మనిషితో మాట్లాడే మర్యాదతో, "ఆ పక్క సీటు ఖాళీయేనాండీ?" అన్నాడు.

బెర్నీ తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు. బస్సు కదిలింది. ఆయన ఇంకా జవాబు కోసం వంగే ఉన్నాడు.

"ఖాళీయే. కూర్చో," అంది బెర్నీ కిటికీ వైపు జరుగుతూ.

ఆ గొంతు విని ట్రెవర్ కొయ్యబారిపోయాడు. బస్సు మలుపు తిరిగేసరికి తూలి, ఆవిడ పక్కన కూలబడ్డాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. రెండు స్టాపులు దాటాయి. తరువాత ఆయనే మెల్లగా చెప్పుకొచ్చాడు. రెండు కళ్ళలోనూ చూపు నడిమధ్యలో అరిగిపోతోందట. అంచులు మిగులుతాయట. ఇక కారు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పి పది వారాలైంది. ఆసుపత్రి పక్కన మిగిలిన చూపుతో బతకడం నేర్పే తరగతి ఉంది. వారానికి మూడు రోజులు వెళ్ళి టీ ఒలకకుండా పోసుకోవడం, భూతద్దంతో చదవడం నేర్చుకుంటున్నాడు. కారు స్టాన్ అమ్మేశాడు.

"నాతో చెప్పడానికి ఏమొచ్చింది నీకు?"

"చెప్తే నువ్వు నన్ను ఆ కమిటీ ముందుకి లాక్కెళ్తావు. చూడండి, మా ఆయనకే కళ్ళు పోతున్నాయి, బస్సు లేకపోతే గతేంటంటావు. నేను నీ మొగుణ్ణి బెర్నీ. నీ కరపత్రాన్ని కాదు."

ఆవిడకి చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకంటే బుధవారం నుంచీ తను వెతుకుతున్నది సరిగ్గా అలాంటి మనిషినే. "అననులే," అంది.

"మాటివ్వు."

"మాటిచ్చాను. ఆ కిటికీలోకి చూస్తావేం మరి? కోపమా?"

"నిన్నే చూస్తున్నా. తిన్నగా చూస్తే నీ మొహం ఉండాల్సిన చోట బూడిద మచ్చ ఒకటుంటుంది. ఇలా పక్కకి తిరిగితే వస్తావు." కొంచెంసేపు అలాగే చూశాడు. "జుట్టు కత్తిరించుకున్నావా?"

"మూడు వారాలైంది."

"బాగుంది," అన్నాడు ట్రెవర్.

ఓటుకి ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ తొమ్మిది రోజులూ డెస్మండ్ ఫోన్ చేసి మనిషి దొరికాడా అని అడుగుతూనే ఉన్నాడు, బెర్నీ ఇంకా లేదంటూనే ఉంది. ఒకసారి మనసు ఆపుకోలేక తన ప్రసంగంలో పేరు లేకుండా ఆయన సంగతి నాలుగు వాక్యాలు రాసుకుంది. రాసినంతసేపూ ఎంతో బాగున్నాయి. తిరిగి చదువుకుంటే సిగ్గేసింది. కాగితం చింపి పొయ్యి పక్కనున్న బుట్టలో పడేసింది. ఆ వాక్యాలు లేని ప్రసంగం ఉప్పు లేని పప్పులా ఉందని ఆవిడకే తెలుసు.

ఓటు రోజు మధ్యాహ్నం టౌన్ హాల్లో కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. ముందు ఊరివాళ్ళకి తలా మూడు నిమిషాలు. పూలకొట్టు గోర్డన్ పిల్లింగ్ లేచి, పూలు దింపే వ్యాను రావడానికి దారి లేక తను రెండు వీధుల అవతల నుంచి బకెట్లు మోసుకుంటున్నానని చెప్పాడు. అబద్ధం కాదు, పాపం. చప్పట్లు బాగానే పడ్డాయి. తరువాత అధ్యక్షుడు చదివిన పేరు విని బెర్నీ తన కాగితాల్లోంచి తలెత్తింది. ట్రెవర్ హోల్డెన్.

వీధి తెరవాలన్నవాళ్ళంతా తమ ఉత్తరాల వీరుడొచ్చాడని నవ్వుతూ సర్దుకుని కూర్చున్నారు. ట్రెవర్ కోటు లోపలి జేబులోంచి మడత కర్ర ఒకటి తీసి, టకటకా విప్పాడు. తెల్ల కర్ర. బెర్నీ దాన్ని ఎప్పుడూ చూడలేదు.

"ఆ చెక్క తొట్లు అక్కడ పెట్టిందెవరో గానీ, నా మోకాలు రెండుసార్లు పగిలింది," అని మొదలుపెట్టాడాయన. "కాలిబాటా రోడ్డూ ఒకే బూడిద రంగు. ఎక్కడ దిగుతున్నానో నాకు తెలీదు. సైకిళ్ళు చడీచప్పుడూ లేకుండా వచ్చి భుజం రాసుకుపోతాయి. ఏ స్టాపు వచ్చిందో బస్సులో చెప్పే నాథుడు లేడు. డ్రైవరమ్మాయి అరిచి చెప్తోంది కాబట్టి దిగగలుగుతున్నాను. నడిచేవాళ్ళ వీధన్నారు. నడిచేవాళ్ళంటే కళ్ళున్నవాళ్ళేనా?"

ఒక వైపునుంచి చప్పట్లు మొదలయ్యాయి. ఆయన కర్ర ఎత్తి ఆపాడు.

"ఆగండి, అవలేదు. ముప్పై అయిదేళ్ళు మీ అందరి కార్లూ బాగుచేశాను. ఇక నేను నడపలేను. ఈ ఆరు నెలల్లో ఆ వీధి దాటడానికి నేనెవరి చెయ్యీ అడగలేదు. కార్లు తిరిగొస్తే అడగాలి. నాకది ఇష్టం లేదు. కాబట్టి వీధి మూసే ఉంచండి. కానీ మూసేది సరిగ్గా మూయండి. అంతే." కూర్చోబోయి మళ్ళీ నిలబడ్డాడు. "ఇది మా ఆవిడ చెప్పమన్న మాట కాదు. ఆవిడ చెప్పమని ఉంటే నేను వచ్చేవాణ్ణే కాదు."

హాలు గొల్లున నవ్వింది. నవ్వనిది బెర్నీ ఒక్కతే. ఆవిడ ప్రసంగం వంతు వచ్చినప్పుడు లేచి, రాసుకున్న ఏడు పేజీలూ పక్కన పెట్టి, ఆ పెద్దమనిషి చెప్పిన లోపాలన్నీ నిజమేననీ, కళ్ళెదుట ఉన్న మనిషినే తను చూడలేకపోయాననీ ఒప్పుకుని కూర్చుంది.

అప్పుడు ఫిలిపా థ్వెయిట్ మొదటిసారి నోరు విప్పింది. వీధి ఇలాగే ఉంచాలి, కానీ కాలిబాట అంచున పాదానికి తగిలే బుడిపెల పలకలు వెయ్యాలి, తొట్లు జరపాలి, బస్సుల్లో స్టాపుల పేర్లు వినిపించాలి, పొద్దున్న పదింటిదాకా కొట్ల వ్యాన్లని రానివ్వాలి అంది. ఎనిమిది మంది చేతులెత్తారు. అటువైపువాళ్ళలో ఒకరు ఇటొచ్చారన్నమాట.

గుమ్మం దగ్గర గోర్డన్ పిల్లింగ్ ట్రెవర్‌ని ఆపి, పార్టీ ఫిరాయించావు కదరా దొంగసచ్చినోడా అన్నాడు. అని, వెంటనే గొంతు తగ్గించి, ఎన్నాళ్ళైంది, బొత్తిగా కనపడదా అని అడుగుతూ ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. ట్రెవర్ ఆ చెయ్యి విదిలించుకోలేదు. దింపినంతసేపూ పదింటి తరువాత వ్యాను కనిపిస్తే ఊరుకోనని బెదిరిస్తూనే ఉన్నాడు.

అక్టోబరులో పలకలు వెయ్యడం మొదలైంది. పని చూడ్డానికి ఊరివాళ్ళతో ఒక చిన్న సలహా బృందం వేశారు. అందులో ట్రెవర్ పేరు చేర్చినవాళ్ళు వారం తిరక్కుండానే లెంపలేసుకున్నారు. సోమవారం పొద్దున్నే ఆయన ఫోన్ లేకుండా ఇంజనీర్ల ఆఫీసు తెరుచుకునేది కాదు. మీ ఆయన్ని కొంచెం ఆపండమ్మా అని వాళ్ళు బెర్నీని బతిమాలుకున్నారు. నలభై ఒక్క ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నాననీ, కిటుకు తెలిస్తే తనకీ చెప్పమనీ ఆవిడ అంది.

ఒక మధ్యాహ్నం భోజనానికి ఎంతకీ రాకపోతే బెర్నీ వెతుక్కుంటూ బ్యాంక్ వీధికి వెళ్ళింది. ట్రెవర్ బూట్లు విప్పేసి, మేజోళ్ళతో, చలిలో కొత్త పలకల మీద నిలబడి ఉన్నాడు. ముగ్గురు పనివాళ్ళు చేతులు కట్టుకుని చూస్తున్నారు. దాటే చోట వెయ్యాల్సిన బుడిపెల పలకలు మెట్ల దగ్గర, మెట్ల దగ్గర వెయ్యాల్సిన గీతల పలకలు దాటే చోట వేశారట. వరసంతా తీసి మళ్ళీ వెయ్యాలంటున్నాడు.

"ఇంట్లో అన్నం చల్లారిపోతోంది," అంది బెర్నీ.

"పది నిమిషాలు."

ఆయన పది నిమిషాలంటే ఎంతో ఆవిడకి తెలుసు. మార్కెట్టులోకి వెళ్ళి, వేడివేడిగా మాంసమూ బంగాళాదుంపా కూరి కాల్చిన పెద్ద 'పై' రొట్టె ఒకటి కొనుక్కొచ్చి, వెయ్యని పలకల దొంతర మీద కూర్చుంది. పదిహేడో నంబరు బస్సు వాళ్ళ పక్కగా నెమ్మదిగా వెళ్తూ హారన్ కొట్టింది. ట్రెవర్ ఎటూ చూడకుండానే చెయ్యెత్తాడు. బెర్నీ ఆ 'పై' తింటూ కూర్చుంది. సగం అయ్యేసరికి ఆయన కర్రతో తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చుని, చెయ్యి చాపాడు. మిగిలిన సగం ఆవిడ ఆ చేతిలో పెట్టింది.

"వెనిగర్ తక్కువైంది," అన్నాడు ట్రెవర్.

"సరిపోయింది," అంది బెర్నీ.